సేవారత్న ఇంటి ముందర టెంటు

మా ఆయన కొమురెల్లి ఎవరికైనా సాయం చేయాలంటే ముందు ఫోటో తీసేవాడు రావాలి. కోపంలో అంటున్న మాట కాదిది, ఇన్నేళ్లు కాపురం చేసి చెబుతున్న మాట. ఊళ్లో ఎవరింట్లోనైనా మగదిక్కు పోయిందంటే బియ్యం సంచి పట్టుకుని బయల్దేరతాడు. ఆ సంచిని ఆయన ఒక్కడే ఎత్తగలడు, కానీ ఎత్తడు. నలుగురు నాలుగు మూలలు పట్టుకోవాలి, మా ఆయన మధ్యలో సంచి పొట్ట మీద చేయి వేయాలి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన ఆడమనిషిని ముందుకు తెచ్చి, "అవ్వా, జర ఇటు సూడు" అంటాడు ఫ్లెక్సీల షాపు అరుణ్‌కుమార్. తెల్లారి పేపర్లో జిల్లా పేజీ తీస్తే మా ఆయన పళ్లు కనపడతాయి. చావింటికి పోయి పళ్లు కనపడేలా ఎట్లా నిలబడతాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఎండాకాలం చలివేంద్రం, పేదపిల్లల పెళ్లికి పుస్తెమట్టెలు, శవాన్ని పెట్టే ఫ్రీజర్, పాడె మోసే పని తప్పించే వైకుంఠ రథం. అన్నిటి మీదా 'సేవారత్న కొమురెల్లి' అని ఎర్రరంగులో ఉంటుంది. సేవారత్న బిరుదు ఎవరిచ్చారని అడగకండి. కరీంనగర్‌లో ఎవరో హాలు కిరాయికి తీసుకుని వచ్చినవాళ్లందరికీ శాలువాలు కప్పారు, వాళ్లలో ఈయన ఒకడు. ఆయన శాలువా కప్పించుకొచ్చిన ఎండాకాలమే మా బోరు మోటారు కాలిపోయింది. ఆయన రోడ్డు మీద ఊరందరికీ చల్లటి నీళ్లు పోస్తుంటే నేను పక్కింటి నుంచి బిందెలు మోశాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నవాడెవడో మా ఇంటికి వచ్చి పోయే ఉంటాడు.

మొన్నటి చలికాలం సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. మా ఊరు సుల్తానాబాద్‌కు పక్కనే, చుట్టూ వరిపొలాలు, మధ్యలో రైసుమిల్లులు. ఇన్నేళ్ల బియ్యం సంచులూ ఈ ఎన్నిక కోసమే. తీరా చూస్తే సర్పంచ్ సీటు ఆడవాళ్లకు పోయింది. ఆయన అన్నం ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఒక పొద్దున లేచి, గడ్డం గీసుకుని, నవ్వుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"సరోజనా, రేపు నామినేషన్. పట్టుచీర కట్టుకో."

"నన్ను ఒక్క మాట అడిగినవానయ్యా?"

"నిన్ను అడిగేదేముందే? సంతకం నువ్వు వెడుతవు, పని నేను జేస్త. సర్పంచ్ ఎవలో ఊరోళ్లకు ఎర్కలేదా?"

పోస్టర్ల మీద నా ఫోటో తపాలా బిళ్లంత, ఆయన ఫోటో తలుపంత. నాకు కత్తెర గుర్తు వచ్చింది. మొత్తం ఎన్నికలో నాకు నచ్చింది ఆ గుర్తొక్కటే.

మా ఇంటి వెనక రెండు అర్రల పోర్షన్‌లో దేవదాస్, బాలలక్ష్మి కిరాయికి ఉండేవాళ్లు. చెన్నూరు అవతలి వాళ్లు. గోదావరి పొంగిన ఏడు ఇల్లు కూలిపోతే పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. పిల్లలు లేరు. దేవదాస్ రైసుమిల్లులో పని చేసి చేసి, ఆ ఊక దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. మనిషి మాత్రం నవ్వులాటల మనిషి. మెట్లెక్కలేక మధ్యలో ఆగి ఆయాసపడుతూ, "అక్కా, ఇంజిన్ల బొగ్గు అయిపోయింది" అనేవాడు. ఆ చలికి దగ్గు ముదిరి, నామినేషన్ల వారంలోనే మనిషి పడిపోయాడు. మా ఆయన తన జీపులో కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. అరుణ్‌కుమార్ వీడియో తీశాడు. అభ్యర్థి భర్త ప్రాణదాత అని ఊరంతా సెల్లుల్లో తిరిగింది.

పోలింగ్ దగ్గరపడ్డాక ఒక పొద్దున బాలలక్ష్మి ఫోన్ చేసింది.

"అక్కా, లాభం లేదన్నరు. ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఈయనేమో ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అని ఒకటే పట్టు. అంబులెన్సుల తీస్కస్తున్నం."

"తీస్కరా. నేనున్న గద" అన్నాను.

ఆయనకు చెప్పాను. చాయ్ తాగుతున్నాడు. తాగడం ఆపలేదు.

"ఇంట్లకు వద్దు" అన్నాడు. చావు కబురు చల్లగా చెప్పడమంటే ఏమిటో ఆ రోజు చూశాను.

మా వైపు ఇదొక రివాజు. కిరాయికి ఉన్నవాళ్లలో ఎవరైనా పోతే ఆ శవాన్ని ఇంటి గడప తొక్కనివ్వరు. ఇంట్లోనే ప్రాణం పోయి, నక్షత్రం మంచిది కాకపోతే, ఇంటికి తాళం వేసి నెలల తరబడి పాడుబెట్టాలి. అందుకే మనిషి మంచాన పడ్డాడని తెలియగానే ఓనర్లు ఖాళీ చేయమంటారు. ఇక్కడ కిరాయికి ఉండి బడిలో చెప్పిన ఒక సారు తల్లి చనిపోతే, ఆ ముసలమ్మను మిల్లు గోడ పక్కన పెట్టుకుని ఏడ్చాడు. రోజూ ఆ సారుకు నమస్తే పెట్టిన ఊరే అది. ఎవ్వరూ గేటు తీయలేదు. కిరాయి తీసుకున్నప్పుడు అంటని మైల శవానికి ఎక్కడి నుంచి వస్తుందో ఏ అయ్యగారూ చెప్పడు.

"బయట అన్ని ఇంతజాం నేనే జేస్త" అన్నాడు మా ఆయన. "టెంటు, కుర్సీలు, చాయ్, ఫ్రీజర్. వాళ్ల దగ్గర ఒక్క పైస తీస్కోను. ఊరు ఊరంతా సూడాలె, కొమురెల్లి కిరాయిదార్లను ఎట్ల సూస్తడో."

"మనిషి ఇంక బతికుండయ్యా!"

"ఇక్కడికి వచ్చేదాంక ఉంటడా?" అని చేయి కడుక్కున్నాడు. వెనక్కి వెళ్లి పోర్షన్‌కు మా ఇంటి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఇక ఆయన సేవ మొదలైంది. ఆ ఉరుకులాట చూస్తే కూతురి పెళ్లి అనుకుంటారు. గేటు బయట రోడ్డు మీద టెంటు లేచింది. కుర్చీలు దిగాయి. ఫ్రీజర్ పెట్టెను పంచాయతీ షెడ్డు నుంచి తెచ్చి, మా మీటరు నుంచే వైరు లాగి ఆన్ చేశారు. చల్లబడాలట. అరుణ్‌కుమార్ ఫ్లెక్సీ పట్టుకొచ్చాడు. దాని మీద 'కన్నీటి నివాళి' అని దేవదాస్ ఫోటో. మిల్లు పూజలో తీసిన ఫోటోలోంచి కత్తిరించాడు కాబోలు, దేవదాస్ భుజం మీద మా ఆయన చేయి అట్లాగే ఉండిపోయింది. కింద నివాళి అర్పించేవాడి ఫోటో చనిపోయినవాడి ఫోటోకు రెండింతలు ఉంది. జనం వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. చాయ్‌లు తిరిగాయి.

"బాడీ ఎప్పుడొస్తదట?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. రెండో చాయ్ తాగుతూ అడిగాడు.

అంబులెన్స్ వచ్చింది. అందరూ లేచి చేతులు కట్టుకున్నారు. మా ఆయన ముఖం కిందికి దించి, గొంతు సవరించుకున్నాడు. అరుణ్‌కుమార్ సెల్లు ఎత్తాడు. వెనక తలుపులు తీశారు.

లోపల దేవదాస్ కూర్చుని ఉన్నాడు.

పడుకుంటే ఊపిరాడదు కాబట్టి దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. ముక్కుకు గొట్టం ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. టెంటును చూశాడు, కుర్చీలను చూశాడు, మూత తీసి గుర్రుమంటున్న ఫ్రీజర్‌ను చూశాడు. చివరికి ఫ్లెక్సీ దగ్గర ఆగాడు. బాలలక్ష్మి కూడా అటే చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. చేతులు కట్టుకున్నవాళ్లకు ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గులేని ముఖాలు, ఒక్కడైనా ఆ ఫ్లెక్సీ పీకేస్తాడేమో అని చూశాను. ఊహూ.

"ఫోటో... మంచిగొచ్చింది" అన్నాడు దేవదాస్. రెండు మాటలకు రెండు సార్లు ఊపిరి తీసుకున్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఆయన తేరుకున్నాడు. తేరుకోవడంలో ఆయనకు ఆయనే సాటి. "దేవదాసూ, ఏం ఫికర్ జెయ్యకు. గీ టెంట్లనే మంచం ఏయిస్త. గాలి మంచిగొస్తది" అన్నాడు. నోరు తెరిస్తే ఆవిరి వచ్చే చలిలో, రోడ్డు మీద, ఊపిరి ఆడనివాడికి మంచి గాలి!

"తాళంచెవి ఇయ్యి" అన్నాను.

నన్ను పక్కకు లాగాడు. "సరోజనా, పరువు తియ్యకు. ఓట్లు మీదికొచ్చినయ్. ఇంటి మీద అరిష్టం వడ్డదంటే ఎవడేస్తడు ఓటు? ఊరందరిది ఒక దారైతే ఉలిపిరికట్టెది ఇంకో దారట. గట్ల జేస్తున్నవ్."

"తాళంచెవి."

"ఇయ్య. నా ఇంట్ల శవం లేవొద్దు."

"నీ ఇల్లా? గీ గోడలు లేపిన నాడు నువ్వు రోడ్డు మీద పుణ్యం జేస్తున్నవ్. నేను నడుము వంగిపోంగ బీడీలు జేసిన. ఒక్క ఇటుక మోసినవా నువ్వు?"

ఆయన జేబు మీద చేయి వేసుకున్నాడు. నేను గేటు రెండు రెక్కలూ తీసి, మూసుకుపోకుండా రాళ్లు అడ్డం పెట్టాను. మా ముందరి అర్రలోకి వెళ్లి దివాను మీదున్న కరపత్రాల కట్టలు కింద పడేసి, దుప్పటి పరిచి బయటికి వచ్చాను.

"తమ్మీ, లోపటికి తీస్కరా" అన్నాను అంబులెన్స్ డ్రైవర్‌తో.

డ్రైవర్ మా ఆయన వైపు చూశాడు.

"ఆయన దిక్కు ఏం సూస్తవ్? ఆయన మోస్తడా?"

డ్రైవర్ ఒకవైపు, బాలలక్ష్మి ఒకవైపు, నేను కాళ్ల దగ్గర. కుర్చీల్లో ఉన్న అంతమంది సేవాపరుల్లో ఒక్కడు ముందుకు రాలేదు. గోడ నిండా శాలువాల ఫోటోలు, మెమెంటోలు ఉన్న ఆ అర్రలో దేవదాస్‌ను దింపాం.

సాయంత్రం మా ఆయన బట్టలు కూడా తీసుకోకుండా తన తమ్ముడింటికి వెళ్లిపోయాడు. రేపో మాపో అరిష్టం తగలబోయే ఇంట్లో ఉండడట. అప్పుడు వెళ్లిన మనిషి ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

అంబులెన్స్‌తో పాటు ఆక్సిజన్ కూడా పోతుంది కదా, ఎట్లా అని బాలలక్ష్మి చేతులు పిసుక్కుంటుంటే నాకు వంటింట్లో సామాను పెట్టే సజ్జ గుర్తొచ్చింది. కరోనా అప్పుడు ఎవరో దాతలు ఊరికోసం ఆక్సిజన్ మిషన్ ఇస్తే, మా ఆయన దాంతో ఫోటో దిగి సజ్జ మీద పెట్టేశాడు. ఊళ్లో మనుషులు ఊపిరాడక పోయారు, ఆ మిషన్ మాత్రం భద్రంగా ఉంది. దించి దుమ్ము దులిపాను. ప్లగ్ పెడితే పనిచేసింది. వచ్చేదాకా ఉంటాడా అని మా ఆయన అనుమానపడ్డ మనిషి ఆ రాత్రి బుక్కెడు జొన్న గటుక తాగాడు.

తెల్లారి నుంచి ఊరు రావడం మొదలుపెట్టింది. గేటు దాకా వచ్చి, కొందరు వాకిలి దాకా వచ్చి, "సరోజనా, నీ అసొంటి పుణ్యాత్మురాలు ఈ ఊర్లె లేదు" అన్నారు. చాయ్ ఇస్తే మాత్రం "ఇప్పుడే తాగొచ్చిన" అన్నారు, ప్రతి ఒక్కరూ. మా ఊళ్లో అంతమంది ఇంట్లో చాయ్ తాగి బయల్దేరడం నేనెప్పుడూ చూడలేదు. నా చేయి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లే పోయి, నా మీద పోటీకి నిలబడ్డ వనితకు ఓటేశారు. చావును కూర్చోబెట్టుకున్న ఇంటి ఆడది పంచాయతీ కుర్చీలో కూర్చుంటే ఊరికి మంచిది కాదని ఎదుటివాళ్లు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. వాళ్లు చెప్పకపోయినా అంతే. బియ్యం తిన్నవాళ్లు, పుస్తెమట్టెలు తీసుకున్నవాళ్లు, చల్లనీళ్లు తాగినవాళ్లు, అందరూ కలిసి కత్తెరను కత్తిరించేశారు. ఆ సేవకు తగ్గ ఊరే, ఆ ఊరికి తగ్గ సేవే!

లెక్కింపు అయిన సాయంత్రం మా ఆయన రోడ్డు మీద నిలబడి గేటులోంచి అరిచాడు.

"సల్లవడ్డదా నీ కడుపు? ఇన్నేండ్ల నా సేవ బూడిదల వోసినవ్!"

"సేవ గక్కడ్నే ఉన్నది, సూడు" అన్నాను. ఫ్రీజర్ ఇంకా టెంటు కిందే ఉంది. ఎవరూ వచ్చి తీసుకుపోలేదు.

లోపలికి వెళితే దేవదాస్ మేలుకునే ఉన్నాడు. అంతా విన్నాడు.

"అక్కా, ఓడిపోయినవట."

"ఓడిపోయిన."

"నా వల్లనే గద?"

"నీ వల్ల గాదు. పోస్టర్ల మా ఆయన మొఖం జర పెద్దగైంది."

నవ్వాడు. నవ్వు దగ్గయింది. బాలలక్ష్మి పరుగెత్తుకొచ్చి వీపు నిమిరింది.

బాలలక్ష్మిని చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. మా ఇంట్లో గోడలు ఒరుసుకుంటూ నడిచేది. గ్లాసు కింద పెడితే చప్పుడయ్యేది కాదు. తుడిచిన నేలనే మళ్లీ తుడిచేది. అతను మరో రోజు బతికితే మొగుడు బతికాడని సంతోషపడాల్సిన మనిషి, నా దగ్గరికి వచ్చి తల దించుకునేది.

"ఆలస్యమైతుంది అక్కా. ఏమనుకోకు."

మొగుడు చావడం ఆలస్యమవుతోందని క్షమాపణ! ఏ నోట ఏ మాట అనిపించాయి ఈ కిరాయి కొంపలు! "నోరు మూసుకో. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉండనియ్" అని కసిరాను. కసిరాక నేనే వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

పోయేముందు రోజు దేవదాస్ గోడ మీది ఫోటోలన్నీ ఒక్కొక్కటీ చూశాడు. "అక్కా, జర కిటికి దిక్కు తిప్పుతవా? గీ అన్న నన్నే సూస్తుండు" అన్నాడు. దివాను తిప్పాం. కిటికీలోంచి పొలాలు కనపడతాయి, నాట్లకు దున్నుతున్నారు. అటే చూస్తూ కునుకు తీశాడు.

మర్నాడు పొద్దున వాకిట్లో పేడనీళ్ల చాన్పి చల్లి, ముగ్గు వేస్తున్నాను. మిషన్ చప్పుడు ఆగింది. కరెంటు పోయిందేమో అనుకుని లోపలికి వెళ్లాను. కరెంటు ఉంది. బాలలక్ష్మే ఆపేసింది. అతని కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉంది. రెండు పాదాలూ ఒళ్లోకి తీసుకుంది. కొంగు మొత్తం ఉండచుట్టి నోట్లోకి కుక్కుకుంది. ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది. గొంతు మాత్రం బయటికి రావడం లేదు.

నేను పక్కన కూర్చున్నాను.

"బాలలక్ష్మీ, ఏందే గది? ఏడువు."

తల అడ్డంగా ఊపింది. కొంగు కొంచెం తీసి, గుసగుసగా, "కిరాయిదాన్ని అక్కా. పొద్దున పొద్దున నీ ఇంట్ల ఏడ్వద్దు" అంది.

ఆ మాటకు నా గుండె చెరువైపోయింది. నోట్లోంచి ఆ కొంగు లాగేశాను.

"ఏడువు. గట్టిగ ఏడువు. ముగ్గేసిన ఇల్లే, దీపం వెట్టిన ఇల్లే. నీ మొగడు పోయిండే పిచ్చిదానా, ఏడువు!"

నా ముఖంలోకి చూసింది. నిజంగానే అంటున్నానా అన్నట్టు చూసింది. తర్వాత నోరు తెరిచింది. ఆ చెన్నూరు పిల్ల గొంతు అంత పెద్దదని అన్నేళ్లు పక్కనే ఉండి నాకు తెలియదు. "ఓ నా దేవదాసో" అని ఎత్తుకుంటే కిటికీ రెక్కలు అదిరాయి.

వీధి మొత్తం వచ్చింది. వచ్చి, గేటు దగ్గరే ఆగింది. వాళ్లను నెట్టుకుంటూ మా ఆయన ముందుకొచ్చాడు. సెల్లు అప్పటికే చెవి దగ్గరుంది, వైకుంఠ రథం డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు.

"సరోజనా, ఎప్పుడు తీస్తరు?" అన్నాడు బయటి నుంచే. "చుట్టపోళ్లు ఎవలు లేరు గద, జల్ది తీద్దాం. ఇంతజాం అంత నేను జేస్త."

"జెయ్యి" అన్నాను. "లోపటికొచ్చి జెయ్యి."

గేటు వైపు చూశాడు. నేను పెట్టిన రాళ్లు అట్లాగే ఉన్నాయి, రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. ఒక కాలు కొంచెం ముందుకు వచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది. ఊరి శవాలన్నిటి పక్కనా ఫోటో దిగిన మనిషి తన వాకిట్లోకి రాలేక రోడ్డు మీద నిలబడ్డాడు. ఆయన వెనక ఊరూ నిలబడింది.

లోపలికి వెళ్లి బాలలక్ష్మి పక్కన కూలబడి, రోడ్డు మీద ఉన్న ప్రతి ఒక్కడికీ వినపడేలా నేనూ ఏడ్చాను.